రేకులకు గుండీలు

మే 5, ఆదివారం

ఇవాళ ఇంట్లో నన్ను అందరూ పొగిడారు. ఇలాంటిది మా ఇంట్లో మళ్లీ ఎప్పుడు జరుగుతుందో తెలియదు కాబట్టి, భావితరాల కోసం లిఖితపూర్వక సాక్ష్యం ఉంచడం మంచిదని ఈ డైరీ ప్రారంభించడమైనది. భావితరాలంటే నేనే. ఇంకెవరైనా చదివితే కళ్లు పోతాయి. ముఖ్యంగా అమ్మవి.

జరిగిందేమిటంటే, పిన్ని ఏడుపు మొహంతో వచ్చింది. అమ్మకు సొంత చెల్లెలు. వెనక వీధిలో మేడ మీద ఉంటుంది, బట్టలు కుడుతుంది. గది ముందు ఖాళీగా ఉన్న డాబా మీద ఇనప గొట్టాలు నిలబెట్టి, పైన రేకులు వేయించి, ఆ కింద మిషను పెట్టుకుంది. ఒక వైపు ఇంటి గోడ, మిగతా మూడు వైపులా గాలి. ఆ రేకుల మెరుపు తన కళ్లలో కొడుతోందని ఎదురింటి బ్యాంకాయన, ఇళ్ల అనుమతులు చూసే మా ఆఫీసులో ఫిర్యాదు పడేశాడు. అనుమతి లేకుండా కప్పు వేశారట.

“గురువారం వచ్చి చూస్తారటరా. కప్పే అని తేలితే పీకేస్తారట,” అంది పిన్ని. “పీకేస్తే మళ్లీ బట్టల కంపెనీకే పోవాలి నేను. పొద్దంతా నిలబడి కాలర్లు ఇస్త్రీ చెయ్యడం ఈ మోకాళ్లతో నా వల్ల కాదు.”

“వీడున్నాడుగా! ఆ ఆఫీసు వీడిదేగా!” అంది అమ్మ, ఆఫీసు నా పేరు మీద రిజిస్టరైనట్టు.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే విషయం కాదది.

“పిన్నీ, పైనున్న ప్రతిదీ కప్పు కాదు. ఆకాశం కూడా పైనే ఉంది. దాన్ని కప్పంటామా?”

“అనం.”

“నీళ్లు ఆపితే కప్పు. ఆపకపోతే ఉత్త పందిరి. మా సారు పైన మగ్గుతో నీళ్లు పోయిస్తారు. కింద చుక్క పడిందా, అది కప్పు కాదు. ఇంక దాని జోలికి ఎవరూ రారు.”

“నావి కొత్త రేకులు కదరా. చుక్క పడదే!”

“పడేట్టు చేద్దాం.”

పిన్ని నోరు తెరిచింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాన్న పేపరు దించారు. నాన్న పేపరు దించడం నేను డిగ్రీ పాసైన రోజున కూడా జరగలేదు.

మే 6, సోమవారం

నా ఉద్యోగం గురించి ఒక వివరణ. అమ్మ చుట్టాలకు చెప్పేది: బిల్డింగుల ఆఫీసరు. కాగితం మీద ఉన్నది: తాత్కాలిక సహాయకుడు. నేను చేసేది: సారు వెనక నడవడం, టేపుకి రెండో కొస పట్టుకోవడం, మగ్గు మోయడం.

సారు మాట్లాడరు. అంతా బాగుంటే “ఊ” అంటారు, బాగా లేకపోతే “ఊహూ” అంటారు. నేర్పే అలవాటు లేదు. అందువల్ల చట్టాన్ని నేనే శాస్త్రీయంగా కనిపెట్టాల్సి వచ్చింది. నేను చేరిన మొదటి రోజున ఒక తాటాకు పాక మీద మగ్గు పోస్తే కింద ధారగా కారింది. “ఊ” అన్నారు. ఆ మర్నాడు ఒక రేకుల గది మీద పోస్తే చుక్క పడలేదు. “ఊహూ” అన్నారు. ఇంతకంటే రుజువేం కావాలి? చదువుకున్నవాడికి రెండు ఉదాహరణలు చాలు.

మే 7, మంగళవారం

చిల్లుల మహోత్సవం జరిగింది.

నిచ్చెన వేసుకుని నేనే పైకెక్కాను. రెండు మేకులు వంకరపోయాయి, మూడోదానికి వేసిన సుత్తి దెబ్బ నా బొటనవేలి మీద పడింది. “దిగరా నాయనా, రేకు కంటే ముందు నీకు చిల్లు పడేట్టుంది,” అని పిన్ని నన్ను దింపి, ఆ మోకాళ్లతో తనే ఎక్కింది. నేను కింద నిచ్చెన పట్టుకుని సాంకేతిక సలహాలు ఇచ్చాను.

“పల్లంలో కొట్టు పిన్నీ. నీళ్లు పారేది అక్కడే.”

“ఇక్కడా?”

“ఆ, అక్కడ. మిషను పైన కూడా ఒకటి వెయ్. మిషను పైన వదిలేస్తే అనుమానం వస్తుంది.”

కొట్టేటప్పుడు ప్రతి దెబ్బకీ పిన్ని కళ్లు మూసుకుంది. ఈ రేకుల కోసం ఎన్నాళ్లు ఆగిందో నాకు తెలుసు. దిగాక చూస్తే కత్తిరింపు బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ నిండా ఎండ చుక్కలు.

“చుక్కల గుడ్డ ఊరికే వచ్చింది,” అంది పిన్ని. నవ్విందో లేదో చూడలేదు. బొటనవేలు నొప్పిగా ఉంది.

మే 9, గురువారం

విజయం! విజయం! విజయం!

సారు వచ్చారు. గొట్టాలు చూశారు, గోడ చూశారు, నాలుగు వైపులా తిరిగారు. నేను నిచ్చెన ఎక్కి మగ్గు పోశాను. కింద టపటపా చుక్కలు. సారు పైకి చూసి, చిల్లులు చూసి, నన్ను చూసి, “ఊ” అన్నారు. అంతే. ఎదురింటి బ్యాంకాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, అతని మొహం మగ్గులో పడ్డ బల్లిలా అయిపోయింది.

ఆఫీసు పద్ధతి ప్రకారం, నన్ను ఎరగనట్టే ఉండమని పిన్నికి ముందే చెప్పి ఉంచాను. పిన్ని బాగా నటించింది. సారుకు మంచినీళ్లిచ్చి, నాకు కూడా గ్లాసు చాపి, “తీసుకోండి సార్,” అంది. నవ్వాపుకోలేక చచ్చాను. మెట్లు దిగబోతూ “ఎవరావిడ? తెలుసా?” అని సారు అడిగితే, “ఎవరో టైలరమ్మ సార్,” అన్నాను. పిన్ని పక్కనే ఉంది.

సాయంత్రం అమ్మ ఫోను కింద పెట్టలేదు. చుట్టాలందరికీ తెలిసింది.

మే 10, శుక్రవారం

నాన్న నన్ను “ఏమండీ ఆఫీసరు గారూ” అన్నారు. వెటకారమే. అయినా అన్నారు.

మే 12, ఆదివారం

పిన్నికి స్కూలు యూనిఫాంల పని దొరికింది. తెల్ల చొక్కాలు, ముదురు నీలం లంగాలు, బడి తెరిచేలోగా ఇవ్వాలి. షెడ్డు ఉంటుందో ఊడుతుందో తెలియక ఇన్నాళ్లూ ఒప్పుకోలేదట. “నీ ధైర్యంతోనేరా ఒప్పుకున్నాను,” అంది. నా ధైర్యం మీద ఇంకొకరు పని ఒప్పుకోవడం ఇదే ప్రథమం.

మే 16, గురువారం

రాయాలని లేదు.

రాస్తాను. ఎవరూ చదవరు కదా.

ఇవాళ ఒక రిటైరైన మేష్టారి డాబాకి వెళ్లాం. నాలుగు వైపులా గోడ కట్టి, పైన పాత పెంకులు వేసుకున్నాడు. మగ్గు పోస్తే కింద జల్లుగా కారింది. మేష్టారు బిక్కమొహం వేశాడు. ఆయనకు ధైర్యం చెబుదామని నేనే ముందుకొచ్చి, “ఇది కప్పు కాదు సార్!” అని ప్రకటించాను. సారు నన్ను ఒకసారి చూసి కదిలారు. మెట్ల మీద సగం దిగాక ఆగారు.

“ఏవయ్యా, కప్పు కాదని ఎవరన్నారు?”

“చుక్క పడింది కదా సార్.”

“పడితే?”

“నీళ్లు ఆపకపోతే కప్పు కాదు కదా సార్.”

“మీ ఇల్లు కురిస్తే, మీ ఇంటికి కప్పు లేనట్టా?”

నేను మగ్గు చేయి మార్చుకున్నాను.

“గోడలు చూడాలయ్యా,” అన్నారు సారు. “చుట్టూ మూస్తే గది. గది మీదున్నది కప్పు. దానికి అనుమతి కావాలి. తెరిచి ఉంటే ఉత్త నీడ. దాంతో మనకు పని లేదు.”

“మరి మగ్గు ఎందుకు సార్?”

“పోసిన నీళ్లు ఏ వైపు జారతాయో చూడ్డానికి. పక్కవాళ్ల గోడ మీద పడకూడదు కదా. ఇన్నాళ్లూ ఏం చూస్తున్నావు నువ్వు?”

కింద చూస్తున్నాను. సారు అంచు చూస్తుంటే నేను కింద చూస్తున్నాను.

సారు ఇంకో రెండు మెట్లు దిగారు. ఇవాళే ఆయనకు మాటలు రావాలా? “ఆ టైలరమ్మ షెడ్డు చూశావుగా. నిక్షేపంలాంటి రేకులు. మూడు వైపులా తెరిచి ఉంది, నీళ్లు వాళ్ల డాబా మీదే పడుతున్నాయి, ఏ బాధా లేదు. ఎవరో చిల్లులు పొడిచిపెట్టారు. ఏం పుట్టిందో వాళ్లకి.”

“అవును సార్,” అన్నాను. “ఏం పుట్టిందో.”

మే 17, శుక్రవారం

చల్లగా ఆలోచిస్తే నష్టమేమీ లేదు. షెడ్డు నిలవాలి, నిలిచింది. చిల్లుల వల్ల నిలిచిందా, గాలి వల్ల నిలిచిందా అన్నది మేధావులు తేల్చుకోవలసిన విషయం. ఎండాకాలం ఇంకా ఉంది. వాన వచ్చేలోగా ఏదో ఒక సాకు చెప్పి చిల్లులు పూడ్పిస్తే సరి. సాకులకు కొదవేముంది?

మే 19, ఆదివారం

చెబుదామనే వెళ్లాను. పిన్ని మిషను మీద ఉంది. పక్కింటి ఆంటీ చొక్కాలకు కాజాలు కుడుతోంది.

“ఇదుగో, వీడే! చిల్లుల ఐడియా వీడిదే!” అని పిన్ని నన్ను చూపించింది.

“అబ్బో! తెలివంటే అదీ!” అంది ఆంటీ. “మా ఆయనకూ ఉంది తల, టోపీ పెట్టుకోడానికి.”

నవ్వాం. ఎండ చుక్కల కింద కాసేపు కూర్చున్నాను. పిన్ని నా చొక్కా కాలరు చూసి, చిరిగిందని విప్పించి, తిరగేసి కుట్టి ఇచ్చింది. బనియనుతో కూర్చున్నవాడు సత్యం ఎలా పలుకుతాడు? ఇంకో రోజు చెప్తాను.

మే 23, గురువారం

మబ్బు పట్టింది. వెళ్లిపోయింది. మంచిది.

మే 25, శనివారం

కురిసింది.

పిన్ని మోకాలికి మందు తెచ్చుకోడానికి వెళ్లిందట. వచ్చేసరికి అయిపోయింది. నేనూ అమ్మా వెళ్లేటప్పటికి బల్ల మీద చొక్కాల దొంతర, దాని మీద లంగాల దొంతర. నీలం రంగు దిగి, తెల్ల చొక్కాల్లో వరసగా పైనుంచి కిందిదాకా ఇంకిపోయింది. ఒక్కొక్క చొక్కా తీసి చూస్తుంటే, ప్రతి దాని మీదా అదే చోట అదే మరక. మిషను పైన నేను కొట్టించిన చిల్లు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. టప్. టప్.

అమ్మ నా వైపు చూసింది. నేను రేకుల వైపు చూశాను.

పిన్నే నన్ను కాపాడింది. “చిల్లుల వల్ల కాదులే అక్కా. ఆ బెజ్జాలెంత, అవి కురిసేదెంత? గాలివాన పక్క నుంచి కొట్టింది,” అంది. “మూడు వైపులా తెరిచి పెట్టుకున్నది నేనే కదా.”

“అవును, గాలి ఎక్కువగానే ఉంది,” అన్నాను. నిజమే. గాలి ఉంది. ఎంతో కొంత.

మే 26, ఆదివారం

స్కూలువాళ్లు గడువిచ్చారు. చొక్కాలు మళ్లీ మొదటి నుంచి కుట్టాలి. గుడ్డ పిన్నిదే.

మే 28, మంగళవారం

పిన్ని చెక్క పలకలు కొనుక్కొచ్చింది. మూడు వైపులా బిగించేస్తే ఇంక వాన కొట్టదట. పైన చిల్లులున్న చోట గిన్నెలు పెట్టుకుంటుందట. బిగించే ముందు నన్ను అడిగింది.

“ఒరేయ్, ఇవి పెట్టుకుంటే ఫర్వాలేదుగా? పైన చిల్లులున్నాయి కదా, కప్పు కాదుగా?”

రిక్షా మీంచి దింపిన పలకలు గేటు దగ్గర నిలబెట్టి ఉన్నాయి. వాటికి డబ్బెక్కడిదో నేనడగలేదు. అమ్మ అక్కడే ఉంది. ఆంటీ అక్కడే ఉంది.

“ఊ,” అన్నాను.

మే 29, బుధవారం

ఊ అంటే కచ్చితంగా అవునని కాదు. విన్నానని కూడా కావచ్చు.

జూన్ 3, సోమవారం

బ్యాంకాయన మళ్లీ ఫిర్యాదు చేశాడు. ఈసారి ఫొటోలతో సహా. సారు ఫొటోలు చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు.

“మొన్న బాగానే ఉందే. ఇప్పుడు గది చేసేశారు.”

“గదేనా సార్?”

“మరేమిటి? చుట్టూ మూసేశారు. గురువారం వెళ్దాం. పీకేవాళ్లను కూడా రమ్మను.”

రమ్మన్నాను. నాకు అప్పగించిన పని కదా. పీకేవాళ్ల మేస్త్రి హుషారుగా ఉన్నాడు, “రేకులా? అరగంట పని,” అన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ చెప్పింది, పిన్ని కంపెనీవాళ్లను కనుక్కుంటోందట. చొక్కాల దెబ్బకి కొంతకాలమైనా వెళ్లక తప్పదేమోనని. ఇస్త్రీ సెక్షనులోనే ఖాళీ ఉందట.

జూన్ 4, మంగళవారం

చెప్పాను.

ఆఫీసు నుంచి సరాసరి వెళ్లాను. షెడ్డు లోపల పట్టపగలే లైటు వేసుకుని కుడుతోంది. మూడు వైపులా పలకలు, గాలి లేదు, జాకెట్టు చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. నేల మీద గిన్నెలు. వాన లేకపోయినా తీయలేదు.

దారిలో ఒక హాస్య ఉపోద్ఘాతం తయారుచేసుకున్నాను. “న్యాయస్థానం వారు నన్ను క్షమించాలి” అని మొదలవుతుంది అది. నోట్లోంచి రాలేదు. నిలబడే గబగబా చెప్పేశాను. మగ్గు సంగతి, అంచు సంగతి, గోడల సంగతి, గురువారం సంగతి.

పిన్ని కుడుతున్న కుట్టు చివరిదాకా కుట్టింది. దారం పంటితో కొరికింది.

“అంటే, చిల్లులు అక్కర్లేదన్నమాట.”

“అక్కర్లేదు.”

“ఈ పలకలే తప్పన్నమాట.”

“ఊ.”

“ఊ అనకు. నోరు తెరిచి చెప్పు.”

“తప్పు పిన్నీ.”

“నీకెప్పుడు తెలిసింది?”

“వాన పడక ముందే.”

మరకల చొక్కాలు మూలన మూటగట్టి ఉన్నాయి. ఇద్దరం అటు చూడలేదు. నేను నవ్వించాలనే ఉద్దేశంతో, “ఆ సుత్తి ఎక్కడుందో చెప్తే నా తలకీ ఒక చిల్లు పెట్టుకుంటాను,” అన్నాను. పిన్ని నవ్వలేదు. నా జోకులకు ఎప్పుడూ మొదట నవ్వేది పిన్నే.

“చిల్లుల సంగతి వదిలెయ్,” అంది. “తెలీక చెప్పావు. తెలిశాక సిగ్గేసి చెప్పలేకపోయావు. అది నాకు తెలుసు. నేనూ ఎన్ని గుడ్డలు తప్పుగా కత్తిరించి, మీరు తెచ్చిన గుడ్డే తక్కువండీ అని బొంకానో.”

“మరి?”

“ఆ రోజు నన్ను ఎవరో టైలరమ్మ అన్నావు.”

“ఎరగనట్టుండమంటే నువ్వు సరేనన్నావుగా?”

“ఎరగనట్టుండమన్నావు, ఉన్నాను. సార్ అని కూడా అన్నాను, నీ ముచ్చట ఎందుకు కాదనాలని. నువ్వు ఎవరో అంటావని నేననుకున్నానా? మీ అమ్మ డ్యూటీకి పోతే నిన్ను ఈ ఒళ్లో వేసుకునే కుట్టేదాన్ని. పెడలు ఊపుకే నిద్రపోయేవాడివి. ఆపితే లేచి ఏడ్చేవాడివి. నువ్వు లేస్తావని, పని లేకపోయినా ఉత్త మిషను తొక్కేదాన్ని.”

పలకకు బిగించిన స్క్రూ ఒకటి గోటితో తిప్పుతూ నిలబడ్డాను.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆఫీసు పద్ధతీ లేదు, గాడిద గుడ్డూ లేదు. చుట్టం అని చెప్పకూడదని నాకెవరూ చెప్పలేదు. నేను బట్టలు కుట్టే ఆవిడకు అక్క కొడుకునని సారుకు తెలియడం నాకిష్టం లేకపోయింది. మగ్గు మోసేవాడికి అంత పరువెక్కడ నుంచి వచ్చిందో!

పిన్ని లేచింది. మోకాలు పట్టుకుని రెండు క్షణాలు ఆగింది.

“నిలబడ్డావేం? స్క్రూలు విప్పు. చీకటి పడేలోగా ఒక వైపైనా దించుదాం.”

జూన్ 5, బుధవారం

సెలవు పెట్టాను. పలకలన్నీ దించాం. బ్యాంకాయన కిటికీలోంచి అన్నీ చూశాడు. మళ్లీ ఫొటోలు తీసుకున్నాడు. తీసుకోనీ.

పలకలు పోయాయి సరే, చిల్లుల మాటేమిటి? వాన వస్తే ఈ రెండో విడత చొక్కాలు కూడా అంతే. రేకులు మార్చే స్తోమత పిన్నికి లేదు. నాకు అసలే లేదు. తారు పూస్తే ఎండకు కరిగి కారిపోతుందని పిన్ని అంది. కాసేపు పైకి చూస్తూ కూర్చుంది. తర్వాత కోటు గుండీల డబ్బా తెమ్మంది.

పద్ధతి ఇది: రేకు పైన ఒక పెద్ద గుండీ, కింద ఒక గుండీ, మధ్యన చిల్లులోంచి మైనం పట్టించిన గట్టి దారం. రెండూ రేకును నొక్కి పట్టేలా బిగించి ముడి. పై గుండీ కింద, మీద కూడా తారు. గుండీ పట్టు మీద తారు నిలుస్తుంది. మొత్తం మీద రేకుకి చొక్కా తొడిగినట్టు గుండీలు కుట్టడమే. నేను పైన, పిన్ని కింద. ఆవిడ చిల్లులోంచి సూది పైకి తోస్తే నేను గుండీలోకి ఎక్కించి మళ్లీ కిందికి తోయాలి.

“లాగు. గట్టిగా. అంత గట్టిగా కాదు, తెగుతుంది.”

“ఇంతా?”

“ఆ. నీ కాలేజీలో గుండీ కుట్టడం నేర్పలేదా?”

“ఊడిపోయిందని చూసుకోవడం వరకే నేర్పారు పిన్నీ.”

కింద నుంచి చిన్న చప్పుడు వచ్చింది. నవ్వో, దగ్గో. పైనుంచి కనపడదు.

ఈలోగా అమ్మ వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడింది. “ఇదేమిట్రా, పెట్టిన చిల్లులే పూడుస్తున్నారు?” అంది. పిన్ని పైకి చూసి ఊరుకుంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. రేకు మీద గొంతుక్కూచుని, అరచేతుల నిండా తారుతో, అమ్మకు మొత్తం చెప్పాను. ఆఫీసరుని కానని కూడా చెప్పాను.

“అయితే ఏం చేస్తావు నువ్వక్కడ?”

“మగ్గు మోస్తానమ్మా.”

అమ్మ నా తారు చేతులు చూసింది. “మోస్తే మోశావు,” అంది. “పోసేటప్పుడు ఎందుకు పోస్తున్నారో అడగాలి కదరా!” తర్వాత చెంగు బిగించి మరకల చొక్కాల మూట విప్పింది. వాటి చేతులు కత్తిరించి లోపలి జేబులకైనా వాడొచ్చేమో చూస్తానంది. చుట్టాలకు ఏం చెప్పుకుంటుందో నేనడగలేదు.

చివరి చిల్లు మిషను పైనది. అది నేనే కుడతానన్నాను, పైనా కిందా రెండూ. పిన్ని సరేనంది.

జూన్ 6, గురువారం

సారు, నేను, మేస్త్రి, అతని వెనక గడ్డపారలు పట్టుకున్న ఇద్దరు. మెట్ల కింద ఆగాను.

“సార్, పైకెళ్లే ముందు ఒక మాట. ఆ చిల్లులు పొడిపించింది నేనే. పలకలు పెట్టుకోమన్నదీ దాదాపు నేనే. ఆవిడ మా పిన్ని. అమ్మ చెల్లెలు.”

సారు మెట్లెక్కుతూనే, “తెలుసయ్యా,” అన్నారు.

“ఎలా తెలుసు సార్?”

“ముక్కు. ఇద్దరిదీ అదే ముక్కు. మొదటి రోజే తెలిసింది.” ఒక మెట్టు ఎక్కారు. “ఎవరో అన్నావు కదా. సరే, ఎవరోనే కాబోలనుకున్నాను.”

ఆ మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఈ ఆఫీసులో చేరిన దగ్గర నుంచీ, మేడ ఇంకా ఎత్తుగా ఉంటే బాగుండునని నేననుకున్నది ఇవాళే.

పైన పిన్ని స్టూలు మీద కూర్చుని చొక్కా కుడుతోంది. చుట్టూ గాలి. సారు నాలుగు వైపులా తిరిగారు. బ్యాంకాయన ఫొటోలు తీసి ఎదురుగా ఉన్నదాంతో పోల్చారు. మేస్త్రి గడ్డపార మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. సారు నా వైపు చెయ్యి చాపారు. మగ్గు.

నిచ్చెన ఎక్కి పోశాను. ఈసారి కింద చూడలేదు. నీళ్లు పల్లంలోంచి జారి, నల్లటి గుండీల చుట్టూ తిరిగి, పిన్ని డాబా మీదే ధారగా పడ్డాయి.

సారు మునివేళ్ల మీద లేచి కింది గుండీని పట్టుకుని చూశారు. లాగారు. రాలేదు.

“ఎవరు కుట్టారమ్మా ఇవి?”

“మేమిద్దరమేనండి,” అంది పిన్ని. “మావాడూ నేనూ.”

మావాడు అంది.

సారు పిన్ని మొహం చూశారు, నా మొహం చూశారు, మేస్త్రిని చూసి “ఊహూ” అన్నారు. మేస్త్రికి సారు భాష రాదు. “పీకమంటారా?” అన్నాడు. “పొమ్మంటున్నారు,” అన్నాను నేను. ఉసూరుమంటూ గడ్డపారలు భుజాన వేసుకుని దిగిపోయారు.

పిన్ని లోపలికెళ్లి ఒక్క గ్లాసుతో వచ్చింది. సారుకిచ్చి, “తీసుకోండి సార్,” అంది. నేను ఎండలో నిలబడే ఉన్నాను. గొంతు ఆరిపోతోంది. అడగడానికి మొహం లేదు.

పిన్ని మళ్లీ మిషను ముందు కూర్చుంది. పాదం పెడలు మీద పెట్టి, నా వైపు చూడకుండానే అంది:

“నీకు ప్రత్యేకంగా అందివ్వాలా? లోపల కుండలో ఉన్నాయి. పోయి తాగు.”

జూన్ 9, ఆదివారం

పొద్దున్నుంచీ వాన. చొక్కాల గురించి చూడ్డానికని వెళ్లాను. షెడ్డు కురవడం లేదు, ఒక్క చోట తప్ప. మిషను పైన, నేను కుట్టిన గుండీ దగ్గర.

మిషను పక్కకు జరిపి, స్టూలు అక్కడికి లాక్కుని, ఆ చుక్క కింద నేను కూర్చున్నాను. పిన్ని చూసింది. లేవమనలేదు. ఊడిన గుండీలు కుట్టమని నాలుగు చొక్కాలు నా ఒళ్లో పడేసింది.